ఆయన గ్లాసులో రంగు

ఆయన పేరు రాయను. ఊరి పేరు అసలే రాయను. నడికుడి చుట్టుపక్కల పల్లెలు బోలెడున్నాయి, వాటిలో ఏదో ఒకటి అనుకోండి. ఇప్పుడు ఈ సంగతి బయటపడినా ఎవరికీ ఏమీ కాదనే నా నమ్మకం. అయినా పేరు మాత్రం వద్దు. మా వైపు మనుషుల సంగతి నాకు తెలుసు.

మొన్న మిట్టమధ్యాహ్నం మాచర్ల బస్సు దిగిన ఒకాయన నా సోడా కొట్టు ముందుకొచ్చి సుగంధి సోడా అడిగాడు. ఇచ్చాను. తాగకుండా గ్లాసు పైకెత్తి వెలుతురులో చూశాడు. నలకలున్నాయేమోనని అనుమానం, పాపం. ఇంకో బేరానికి కొట్టబోతున్న సోడా బుడ్డి నా చేతిలో అలాగే ఉండిపోయింది. గ్లాసును అలా ఎత్తి చూసే మనిషిని అంతకు ముందు ఒక్కణ్ణే ఎరుగుదును. ఆయన నలకలు చూసేవాడు కాదు, రంగు చూసేవాడు.

ఆయన మా పల్లెల తగాదాలు తీర్చే పెద్దమనిషి. పెద్దమనిషి అనగానే మీరు మెలితిప్పిన మీసం, ఖద్దరు చొక్కా, వెనక నలుగురు మనుషులు అనుకుంటారు. ఈయనకు అవేవీ లేవు. పొట్టి మనిషి, పాత మోపెడ్, భుజం మీద మాసిన తువ్వాలు. గొంతు కూడా చిన్నదే. ఆయన ఏమంటున్నాడో వినపడాలంటే అరుస్తున్నవాళ్ళు నోరు మూసుకోవాల్సి వచ్చేది. గట్టు తగాదాలు, నీళ్ళ తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు ఆయన దగ్గరికి వచ్చేవి. ఠాణాకు, కోర్టుకు తిరిగి తిరిగి విసిగిపోయి వచ్చినవాళ్ళే ఎక్కువ.

రాజీకి కూర్చునేది నా కొట్టు వెనక రేకుల వసారాలో. స్టేషన్ రోడ్డు ఎవరి ఊరూ కాదు కాబట్టి ఎవరికీ చిన్నతనం ఉండదని ఆయన లెక్క. వసారాలోకి వచ్చేముందు అందరూ చెప్పులు విప్పాలి. ఎవరి చెప్పులు వాళ్ళు పక్కన పెట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. కాలితో అన్నిటినీ ఒకే కుప్పగా నెట్టేసేవాడు. మాటా మాటా పెరిగి ఎవడైనా తువ్వాలు విదిలించి లేచాడనుకోండి, వంగి ఆ కుప్పలో వెతుక్కోవాలి. ఒక కాలిది దొరికితే రెండోది దొరకదు. పగవాడి చెప్పు చేత్తో పట్టుకుని పక్కన పెట్టాలి. ఆ వెతుకులాటలో సగం కోపం చచ్చేది, మిగతా సగం చూసేవాళ్ళ నవ్వులతో పోయేది. ఉత్తకాళ్ళతో పోదామంటే మా రోడ్డు మీద కంకర ఎలాంటిదో అందరికీ తెలుసు.

ఆయన ఊతపదం నా కొట్టులో పుట్టిందే. బుడ్డిలో గోలీ నొక్కగానే సోడా బుస్సుమని పొంగుతుంది. వెంటనే నోట్లో పెట్టుకుంటే ముక్కులోకి ఎక్కుతుంది. "ఆగు, గ్యాస్ పోనీ" అనేవాడు. మనుషులతోనూ అదే మాట. ఎవడైనా నరుకుతా చంపుతా అని ఎగిరితే, "గ్యాస్ పోనీరా అబ్బాయ్, తర్వాత మాట్లాడదాం" అనేవాడు. ఎగిరినవాడు మళ్ళీ కింద కూలబడేవాడు.

ఇక్కడ మా పల్లెల పద్ధతి ఒకటి చెప్పాలి. రాజీ కుదిరాక రెండు పక్షాలవాళ్ళూ కలిసి మందు తాగుతారు. కాగితం రాసుకున్నా, పటం మీద ప్రమాణం చేసినా, ఆ గ్లాసు పడకపోతే రాజీ అయినట్టు లెక్క కాదు. మధ్యన కూర్చున్న పెద్దమనిషి కూడా తాగి తీరాలి. తాగలేదంటే ఆయన మనసులో ఏదో ఉందని, అవతలివాళ్ళతో లోపాయికారీగా ఏదో మాట్లాడుకున్నాడని అనుమానం. ఆ అనుమానం ఒక్కటి చాలు, కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఆయనేమో మందు ముట్టడు. ఒకప్పుడు ముట్టినవాడే. చెల్లెల్ని క్రోసూరు ఇచ్చారు. ఆమె భర్త తాగి తాగి చనిపోయాడు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే ఈయన చెల్లెలి నెత్తిన చెయ్యి పెట్టి, జన్మలో ఇక చుక్క ముట్టనని ఒట్టేశాడు. ఆమె పుట్టిన ఊరికే తిరిగొచ్చి, అన్న ఇంటి వెనక వీధిలో వేరే కాపురం పెట్టి, తన వాటా పొలంలో తనే నిలబడి మిరప పండించుకునేది. మంచి మనిషి. పెట్టే చెయ్యి. కానీ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున ఆమె చెవిన వేసింది మధ్యాహ్నానికల్లా వెల్దుర్తిలో వినపడుతుందని ఆయనే నవ్వేవాడు.

ఒట్టు తర్వాత మొదటి రాజీకి ఆయన గ్లాసు తయారైన రోజు నాకు బాగా గుర్తు. కాలువ తూము దగ్గర మొదలైన తగాదా అది. ఒక ఇంటివాళ్ళ పొలాలు ఎగువన, ఇంకో ఇంటివాళ్ళవి దిగువన. ఎగువవాళ్ళలో ఒకడి చెయ్యి పోయింది. దిగువవాళ్ళలో మనిషే పోయాడు. ఆయన ఎండాకాలమంతా మోపెడ్ మీద అటూ ఇటూ తిరిగి చివరికి రెండు ఇళ్ళ పెద్దల్నీ నా వసారాలో కూర్చోబెట్టాడు. ఒప్పుకున్నారు. సీసా మూత తీశారు. అందరికీ పోసి ఆయన దగ్గరికి వచ్చేసరికి, "ఆగండాగండి, నాకు ఉత్తది పడదు, సోడా కలుపుకొస్తా" అని లేచి కొట్టులోకి వచ్చాడు.

"ఏం చేద్దామన్నా?" అన్నాను. ఒట్టు సంగతి నాకు తెలుసు.

ఆయన అరలో సీసాల వరుస చూశాడు. నిమ్మ, ద్రాక్ష, నారింజ, సుగంధి. సుగంధి సీసా మీద వేలు పెట్టాడు.

"దీంట్లో సోడా పోస్తే రంగు కలుసుద్దా?"

"రంగు కలుసుద్ది. వాసనే తేడా."

"అంతమంది తాగే కాడ ఎవడి గ్లాసు వాసన ఎవడికి తెలుసుద్దిరా. పొయ్యి."

పోశాను. గ్లాసు ఎత్తి కిటికీ వెలుతురులో చూశాడు. ఇంకొంచెం సోడా అన్నాడు. మళ్ళీ చూశాడు. అచ్చం బ్రాందీ రంగు వచ్చాక వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుని, మొహం చిట్లించుకుంటూ తాగాడు. అబ్బో, ఆ చిట్లింపు! నాటకాల వాళ్ళకు కూడా రాదు. ఆ సాయంత్రం దిగువ ఇంటి పెద్దాయన ఎగువ ఇంటి పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి మోటార్ సైకిల్ దాకా సాగనంపాడు.

అందరూ వెళ్ళాక ఆయన నాతో ఒకటే అన్నాడు. "నేను బతికున్నంత కాలం ఇది ఈ గోడ దాటకూడదు. దాటిందా, నేను ఈళ్ళను మోసం చేసినట్టే. రాజీ చెల్లదంటారు. మళ్ళీ కత్తులు తీస్తారు." సరేనని చేతిలో చెయ్యి వేశాను.

ఆ తర్వాత ప్రతి రాజీకీ అదే గ్లాసు. ఊళ్ళో ఆయనకు తాగుతాడన్న పేరు స్థిరపడిపోయింది. పైగా మెచ్చుకోలు కూడా. "ఎంత తాగినా ఒక్క అడుగు తడబడడయ్యా, అదీ మనిషంటే" అనేవారు. సుగంధికి అడుగులెలా తడబడతాయి? నేను గ్లాసులు కడుక్కుంటూ నాలో నేను నవ్వుకునేవాణ్ణి. చెల్లెలి చెవిన కూడా పడింది. అడిగితే "తాగలేదే" అన్నాడట. ఆమె నమ్మలేదు. ఆయన గ్లాసు పట్టుకుని కూర్చోవడం చూసినవాళ్ళు ఊరి నిండా ఉన్నారు.

కొన్నేళ్ళకు పొట్ట పెరగడం మొదలైంది. మందు పొట్ట అన్నారు జనం. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవి, పొట్ట మాత్రం మోపెడ్ హ్యాండిల్‌కు తగిలేది. రెండు ముద్దలు తినేసరికి చాలనేవాడు. ఒకనాడు వసారాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగి మూలిగాడు. గుంటూరు తీసుకెళ్ళింది నేనే.

డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి చూస్తూ, "ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారు?" అని అడిగాడు.

"తాగనండీ."

డాక్టరు నా వైపు చూశాడు. అందరూ ఇలాగే అంటారులే అన్నట్టున్న చూపు.

స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ అయ్యాక అదే డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి మర్యాదగా చెప్పాడు. ఇది తాగుడు వల్ల వచ్చింది కాదు. క్యాన్సర్ కూడా కాదు. సన్న రక్తనాళాలు ముడిపడి లివర్ నిండా గడ్డలు కట్టాయి. ఇలాంటి గడ్డ ఒకటీ అరా చాలామందికి ఉంటుంది, ఉన్నట్టు కూడా తెలియకుండా బతికేస్తారు. ఈయనకు మాత్రం మంచి ముక్క అంటూ మిగల్లేదు. కోసి తీయడానికి వీల్లేదు. లోపల చిట్లితే నెత్తురు ఆగదు. లివర్ మొత్తం మార్చాల్సిందే.

"చెడ్డ గడ్డలు కాదంటన్నారు గదండీ. మరి తియ్యడం ఎందుకు?" అన్నాడు ఆయన.

"చుట్టాలు మంచివాళ్ళేనండీ. కానీ ఇంటినిండా వచ్చి కూర్చున్నారు. ఇంట్లోవాళ్ళకు చోటు లేదు" అన్నాడు డాక్టరు.

ఈ మాట ఆయనకు తెగ నచ్చింది. తిరుగు బస్సులో సత్తెనపల్లి దాకా అదే చెప్పుకున్నాడు. "మంచోళ్ళేనంటరా. లేవమంటే లేవరంట. నా వసారాలో కూచోబెడితే చెప్పుల కుప్పలోంచి పంపించేవాణ్ణి."

నాకూ నవ్వాగలేదు. "ఊళ్ళో ఇంతమంది తాగుబోతులుండగా లివర్ జబ్బు నీకు రావడమేందన్నా!" అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కాసేపటికి అది నొప్పిలోకి తిరిగింది.

మా పల్లెల్లో లివర్ అంటే తాగుడే. దానికి వేరే అర్థం లేదు. ఆయన లివర్ పోయిందన్న వార్త మేము బస్సు దిగేలోపే ఊరు చేరింది. చూడటానికి వచ్చినవాళ్ళు బత్తాయిలు పెట్టి, గొంతు తగ్గించి, "ఇప్పటికైనా మానెయ్యన్నా" అని చెప్పి వెళ్ళేవారు. ఆయన తలూపేవాడు.

ఇక లివర్ ఇచ్చేదెవరు? చనిపోయినవాళ్ళది దొరికేదాకా ఆగుదామంటే ఎప్పటికి దొరుకుతుందో తెలియదు, ఆయన ఆగేలా లేడు. బతికున్నవాళ్ళు సగం ఇచ్చినా చాలట, ఇద్దరిలోనూ మళ్ళీ పెరుగుతుందట. భార్యకు షుగర్. ఒక్కగానొక్క కూతురు బాలింత. మిగిలింది చెల్లెలు. రక్తం గ్రూపు కలిసింది. ఆమెను అడగగానే వీధిలోకి వచ్చి నిలబడింది.

"తాగి సచ్చినోడికి ఒకసారి నా పసుపూకుంకం ఇచ్చా. ఇంకో తాగుబోతుకు నా కార్జం కోసియ్యమంటే ఇయ్యను! నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు ఈడు. అడగండి, ఏశాడో లేదో!"

తాగుడు వల్ల వచ్చిన జబ్బు కాదని డాక్టరు చెప్పాడే అని వదినగారు బతిమాలింది. "గడ్డలు తాగుడు వల్ల రాలేదన్నాడు. మా అన్న తాగలేదన్నాడా? నాకు కావాల్సింది అది" అంది ఆమె. భర్త చేసిన పని వదినగారికీ తెలియదు.

ఆ సాయంత్రం నేను వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. "చెల్లెలికి చెప్పెయ్యన్నా. ఒక్క మాటతో పోయేదానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటావేంది?"

"దానికి చెబితే ఊరుకుంటదంట్రా? మా అన్న తాగలా, సుగంధి తాగాడని ఇల్లిల్లూ తిరిగి చెప్పుద్ది. నా పరువు కోసమే చెప్పుద్ది, పిచ్చిది. ఎగువోళ్ళు ఇంటే ఏమైద్ది? ఆళ్ళ పిల్లని దిగువింటికి ఇయ్యాలని ఇప్పుడిప్పుడే అనుకుంటన్నారు." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "నేను పోతే ఒక్కణ్ణే పోతా."

నాకు ఒళ్ళు మండింది. "అయితే పో" అని లేచి వచ్చేశాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆమె నా కొట్టుకు వచ్చింది. బల్ల మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నోటితో ఇవ్వనన్నదే కానీ ఆమె రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని వాళ్ళ వీధివాళ్ళు అనుకుంటూనే ఉన్నారు.

"తమ్ముడూ, నీ వసారాలోనేగా తాగేది. నాకు నిజం చెప్పు. మా అన్న ఏం తాగేవాడు?"

నేను మాట ఇచ్చి ఉన్నాను. నోరు విప్పలేదు. లేచి సుగంధి సీసా తీశాను. గ్లాసులో పోశాను. సోడా కొట్టాను. వెలుతురుకెత్తి చూసి, ఇంకొంచెం సోడా పోసి, మళ్ళీ చూసి, ఆమె ముందు పెట్టాను.

"నాకు దప్పిగ్గా లేదు. అడిగినదానికి చెప్పు."

నేను వసారా వైపు చూశాను. ఆయన కూర్చునే పీట అక్కడే ఉంది. ఆమె కూడా అటు చూసింది, తర్వాత గ్లాసు వైపు చూసింది. దాని రంగు అలా చూస్తూనే ఉండిపోయింది. చేతిలోకి తీసుకుని వాసన చూసింది. ఒక గుక్క తాగింది.

"ఎగువోళ్ళ రాజీ నాడు కూడానా?" అంది.

నేను గుడ్డ తీసుకుని గోలీబుడ్లు తుడుస్తున్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, ఆమెకూ తెలిసి ఉండదు. కాసేపటికి గ్లాసు మొత్తం తాగి బల్ల మీద బోర్లించింది.

"నువ్వు నాకేం చెప్పలా. నేనేం ఇనలా" అని లేచి వెళ్ళిపోయింది.

నాకు భయం పట్టుకుంది. అన్న అంతగా భయపడిన నోరు అది. మర్నాటి నుంచి బేరానికి వచ్చిన ప్రతి మనిషి మొహం చూసేవాణ్ణి, తెలిసిందా అని. ఎవరికీ తెలియలేదు. ఆమె అన్న మంచం దగ్గరికి వెళ్ళి, "ఇస్తన్నా. నోరు మూసుకుని పడుండు" అందట, అంతే. ఊరు ముక్కున వేలేసుకుంది. తాగుబోతు అన్నకు కడుపు కోసి ఇస్తోంది చూడమ్మా అంటే, "నా అన్న, నా ఇష్టం, మధ్యలో నీకేందే?" అని మీద పడేది. హైదరాబాదులో ఆసుపత్రివాళ్ళు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని అడిగారట. "నన్ను బలవంతం చేసేటోడు ఇంకా పుట్టలేదు. ఎప్పుడు కోస్తారో చెప్పండి" అందట.

ఆపరేషన్ బాగా జరిగింది. నెలలు పట్టింది గానీ ఇద్దరూ లేచి తిరిగారు. పొట్ట పోయాక ఆయన మరీ చిన్నగా కనిపించేవాడు. వేళకు మాత్రలు, కాచి చల్లార్చిన నీళ్ళు, బయట ఏదీ ముట్టకూడదు, నా సోడాతో సహా. రాజీలు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు ఆయన గ్లాసు పట్టనక్కర్లేదు. "లివర్ మార్చిన మనిషి, ఆయనకు పొయ్యమాకండిరా" అని రెండు పక్షాలవాళ్ళూ అడ్డం పడేవారు. తాగకపోయినా అనుమానించని రోజులు అలా వచ్చాయి.

ఒకసారి కొట్టులో ఎవరూ లేనప్పుడు అడిగాడు.

"దానికేమన్నా చెప్పావా?"

"ఒక్క ముక్క కూడా చెప్పలా."

"మరెట్టా ఒప్పుకుందిరా?"

"నన్నడుగుతావేంది? ఆమెనే అడుగు."

అడగలేదు. ఆయన అనుకున్నది వేరు. "ఒట్టు తప్పాననుకుని కూడా ఇచ్చింది చూడు. ఎంత మనసురా దానిది" అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నిజం నా నోటిదాకా వచ్చింది. కానీ ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు, మధ్యలో నేనెవరిని?

కొన్నేళ్ళకు ఆయన పోయాడు. గుండె ఆగింది, పొలం గట్టున. లివర్ మాత్రం చివరిదాకా భేషుగ్గా పనిచేసిందట.

చిన్నదినం నాడు, ఆయన్ను మట్టి చేసిన చోట పాలు పోయడానికి జనం చేరారు. ఎగువవాళ్ళూ దిగువవాళ్ళూ కలిసే వచ్చారు. అప్పటికి ఎగువ ఇంటి పిల్ల దిగువ ఇంటి కోడలై చంకలో బిడ్డతో ఉంది. ఎవరూ చెప్పకుండానే అందరూ చెప్పులు ఒకే కుప్పగా విడిచారు. నాకు అది చూశాకే ఏడుపొచ్చింది.

చనిపోయిన మనిషికి ఇష్టమైనవి ఆకులో పెట్టడం మా వైపు ఆనవాయితీ. వదినగారు గారెలు, కోడికూర పెట్టింది. అప్పుడు ఎగువ ఇంటి పెద్దకొడుకు, దిగువ ఇంటి పెద్దకొడుకు పక్కపక్కన నడిచొచ్చి, లుంగీ మడతలోంచి బ్రాందీ సీసా తీశారు. మూత తిప్పిన చప్పుడుకు అందరి చూపూ చెల్లెలి మీదికి పోయింది. మందు వాసన వస్తేనే వీధి దాటించి తరిమే మనిషి. అన్నను తాగుబోతు అన్నందుకు ఇవాళైనా నోరు విప్పి నిజం అరుస్తుందేమో అనుకున్నాను. ఆయన పోయాడు. ఇక ఆమెను ఆపేదేమీ లేదు.

ఆ కుర్రాళ్ళు సీసా పట్టుకుని బిక్కమొహాలతో నిలబడ్డారు. "అత్తా, మరి... పెద్దాయనకు ఇష్టం గదా అని" అన్నాడు ఒకడు.

ఆమె పాలగిన్నె కింద పెట్టింది. వాళ్ళిద్దర్నీ చూసింది, చంకలో బిడ్డతో ఉన్న పిల్లను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"పొయ్యండి నాయనా. అయితే ఉత్తది పొయ్యమాకండి. సోడా లేకుండా మా అన్న ముట్టడు" అంది. నా వైపు తిరిగి, "పో తమ్ముడూ, తీసుకురా" అంది.

నేను వంగి ఆ కుప్పలో నా చెప్పులు వెతుక్కుని, సోడా తేవడానికి కొట్టుకు బయలుదేరాను.